కరెంటు పోయినప్పుడు రెబెకమ్మ చెప్పిన మాట

ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సెక్కి కూర్చున్న కృపారాణికి వాట్సాప్‌లో ఒక వీడియో లింకు వచ్చింది. పంపింది సురేంద్రబాబు, నెల్లూరులో ఉండే ఆమె పేటెంటు ఏజెంటు. లింకు కింద ఒకే ముక్క: "చూసి వెంటనే ఫోన్ చేయండి."

తెరిచింది. ఉదయగిరిలో తాము వెళ్లే చర్చి. మైకు పట్టుకుని నిలబడి ఉన్నది తన తల్లి రెబెకమ్మ.

"మా ఆయన కాలు తీసెయ్యాలన్నారు డాక్టర్లు," అంటోంది తల్లి. "నా కూతురు తీయనీలేదు. కొండ మీద దొరికే గోగుబంక తెచ్చింది. దాంట్లో ఏందో తెల్లపొడి కలిపి ఉడికించింది..."

కృపారాణి వీడియోను అక్కడే ఆపేసింది. ఫోన్ చేసింది.

"తేదీ చూశారా?" అన్నాడు సురేంద్రబాబు. పలకరింపు కూడా లేదు. "మనం పేటెంటుకు దరఖాస్తు వేయడానికి ముందు! చెన్నై కంపెనీ వాళ్లు ఈ వీడియో పెట్టి మన మీద అభ్యంతరం వేశారు. నలుగురిలో ముందే చెప్పేసిన పద్ధతి కొత్తది కాదు మేడమ్. కొత్తది కాకపోతే పేటెంటు లేదు."

"అది చర్చి సాక్ష్యం సార్. దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం."

"చట్టానికి చర్చి అయినా ఒకటే, సంత అయినా ఒకటే."

బస్సు కదిలింది. పేటెంటు పోతే ఏమవుతుందో కృపారాణికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె ఆత్మకూరులో ఒక ఫార్మసీ కాలేజీలో లెక్చరర్. తండ్రి సుందరయ్య ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కుతాడు. నేల మీద కూర్చుని, కుడికాలి బొటనవేలితో చెక్కను అదిమిపట్టి పని చేస్తాడు. షుగరు వల్ల ఆ కాలికే పుండు పడింది. కొండగోగు చెట్టుకు కారే ఆ బంకను, పాలివినైల్ ఆల్కహాల్ అనే తెల్లటి పాలిమర్ పొడిని కలిపి పుండు మీద వేసే పొర తయారు చేయాలని కృపారాణి అప్పటికే తంటాలు పడుతోంది. ఎన్నిసార్లు చేసినా గంజిలా జారిపోయేది. ఒక ఎండాకాలం ఇంట్లో ఫ్రిజ్ పైన గడ్డకట్టే అరలో పెట్టిన గిన్నెను మర్చిపోయింది. కరెంటు పోతూ వస్తూ ఉంది. గిన్నెలోది గడ్డకట్టింది, కరిగింది, మళ్లీ గడ్డకట్టింది. తీసి చూస్తే తాటిముంజలా మెత్తగా, చిరగని పొర! అలా గడ్డకట్టి కరిగినప్పుడల్లా పాలిమర్ పోగులు ఒకదానికొకటి పెనవేసుకుంటాయి. ఆ పొర కింద తండ్రి పుండు మానింది.

ఆ గడ్డకట్టించి కరిగించే పద్ధతే ఆమె పేటెంటుకు ప్రాణం. అది చేతిలో ఉంటే ఆ పొరను ఎవరు తయారుచేసినా ఆమె షరతుకు ఒప్పుకోవాలి. షరతు ఒకటే, ప్రభుత్వ ఆసుపత్రులకు చవగ్గా ఇవ్వాలి. పేటెంటు లేకపోతే చెన్నై కంపెనీ ఆమెను అడగక్కర్లేదు. తనకు నచ్చిన ధర పెట్టుకుంటుంది. ఉదయగిరి ఆసుపత్రి మెట్ల మీద కాళ్లకు గుడ్డలు చుట్టుకుని కూర్చునేవాళ్లు దాన్ని కళ్లతో కూడా చూడరు.

"మేడమ్, ఉన్నారా?" సురేంద్రబాబు గొంతు ఒక్కసారిగా మారింది. "వీడియో మధ్యలో ఏమైంది? ఉడికించింది అన్నాక తెర నల్లబడింది. మళ్లీ బొమ్మ వచ్చేసరికి మీ అమ్మగారు హల్లెలూయ అంటున్నారు."

"కరెంటు పోయి ఉంటుంది సార్. జనరేటర్ వేసేదాకా లైవ్ ఆగిపోతుంది."

"గడ్డకట్టించే సంగతి వీడియోలో ఎక్కడా లేదు!" అతను గట్టిగా నవ్వాడు. "బంక, పొడి తెలిసినంత మాత్రాన ఎవరూ ఈ పొర తయారు చేయలేరు. మీ ఊరి కరెంటు మిమ్మల్ని రెండోసారి కాపాడింది మేడమ్. ఆ రోజు మీరు చర్చిలో ఉన్నారా?"

"లేను. కాలేజీలో ఇన్‌స్పెక్షన్."

"మంచిది. మధ్యలో ఏం చెప్పిందో మీ అమ్మగారిని అడగొద్దు. తెలియకపోతేనే మీరు తెలియదని చెప్పగలరు."

ఆ రాత్రి అన్నం దగ్గర రెబెకమ్మే ఎత్తుకుంది. "నీ పేటెంటు కోసం ఉపవాసం ఉండాను మే. ఆ పొద్దు చర్చిలో సాక్ష్యం చెప్పినాను చూడూ..."

"అమ్మా, ఆ సంగతి ఇప్పుడొద్దు."

"ఏం, నాకు అర్థం కాదనా? నీ గిన్నెలు కడిగింది నేను గాదా?"

"నువ్వు నోరు మూసుకోమన్నా మీ అమ్మ ముక్కుతో మాట్లాడుద్ది పాపా," అన్నాడు సుందరయ్య. "తిననీ."

రెబెకమ్మ ముఖం చిన్నబుచ్చుకుని పులుసు గిన్నె జరిపింది. నీ సాక్ష్యమే నా పనిని చంపేస్తోందమ్మా అని ఎలా చెప్పాలి? చెప్తే ఆవిడ ఇంకెప్పుడైనా చర్చిలో నోరు విప్పుతుందా? కృపారాణి తలవంచుకుని తినేసింది.

కంపెనీ అభ్యంతరం మీద విచారణ రోజు వచ్చింది. అది వీడియో కాల్‌లోనే జరుగుతుంది. కాలేజీ కంప్యూటర్ గదిలో కృపారాణి లాగిన్ అవుతుండగా తలుపు దగ్గర అలికిడైంది. రెబెకమ్మ, సుందరయ్య! ఉదయగిరి నుంచి ఆమె వెనకే మరో బస్సులో వచ్చేశారు.

"ప్రార్థన చేసి పోతాం," అంది రెబెకమ్మ.

"అమ్మా, ఇప్పుడే మొదలవుతుంది. బయట కూర్చోండి."

"ఎండలోనా? మీ నాయన ఆ కాలితోనా? మేము మాట్లాడంలే. గోడ కాడ కూర్చుంటాం."

తెర మీద ముఖాలు వెలిగాయి. వాళ్లను బయటికి పంపే సమయం లేదు. ఎడమవైపు పేటెంటు కార్యాలయం అధికారి, కంట్రోలర్. కింద సురేంద్రబాబు. పక్కన కంపెనీ తరఫు న్యాయవాది, పేరు రమేష్‌బాబు.

వాదనలు ఇంగ్లీషులో సాగాయి. వీడియో వేశారు. తన గొంతు విని రెబెకమ్మ గోడ దగ్గర నిటారుగా కూర్చుంది. తెర నల్లబడగానే సురేంద్రబాబు అందుకున్నాడు. కీలకమైన మెట్టు ఈ వీడియోలో లేదు. కరెంటు పోయింది, ఆమె ఆపేసింది. కరెంటు వచ్చాక ముగించింది. మధ్యలో ఏదో చెప్పిందనడానికి ఆధారం ఎక్కడ?

కంట్రోలర్ తల ఊపుతూ రాసుకున్నాడు. కృపారాణికి ఊపిరి ఆడింది. ఇంకో ప్రశ్న లేకపోతే గెలిచినట్టే.

రమేష్‌బాబు వాదించలేదు. తెరకు దగ్గరగా వంగి, తెలుగులో, మెత్తగా అన్నాడు. "మేడమ్, మీ వెనక కూర్చున్నది రెబెకమ్మగారేనా? అమ్మా, వందనాలు."

"వందనాలయ్యా!" అంది రెబెకమ్మ, లేచి నిలబడుతూ.

"అమ్మా, మీ అమ్మాయి తరఫు ఆయన ఏమంటున్నారంటే, కరెంటు పోగానే మీరు సాక్ష్యం సగంలో ఆపేసి కూర్చున్నారట. నిజమేనా?"

"సార్, అభ్యంతరం!" సురేంద్రబాబు అరిచాడు. "ఆమె ఈ కేసులో సాక్షి కాదు. మేడమ్, మైక్ ఆపండి!"

కృపారాణి మౌస్ కోసం చెయ్యి చాపింది. అప్పటికే రెబెకమ్మ రెండు చేతులూ బల్ల మీద ఆనించి తెర మీదికి వంగింది. మౌస్ జారి వైరుకు వేలాడింది.

"ఎవురయ్యా ఆపింది?" రెబెకమ్మ గొంతు గది నిండా మోగింది. "దేవుడి పని చెప్తా చెప్తా కరెంటు పొయ్యిందని కూర్చుంటానా? మైకు పోతే గొంతు లేదా నాకు? వెనక బెంచీ దాకా వినపడేటట్టు చెప్పినాను. ఫ్రిజ్‌లో గడ్డకట్టాల, బయటపెట్టి కరగాల, మళ్లీ గడ్డకట్టాల, అట్టా మూడు నాలుగు మార్లు జరిగితేనే పొర నిలబడుద్దని చెప్పినాను! పాస్టరు ప్రేమానందంగారిని అడుగు. మా ఊళ్లో ఎవురినన్నా అడుగు."

"అమ్మా..." కృపారాణి ఆమె భుజం పట్టుకుంది.

"ఉండు మే. మనం అబద్ధం చెప్పినామంటున్నాడు ఈయన. ఏమయ్యా, నువ్వు రా. నీ కాలు చూపీ."

సుందరయ్య ఒక క్షణం కూతురి వైపు చూశాడు. ఆమె ముఖంలో ఏం కనిపించిందో, చెప్పు విప్పడానికి వంగినవాడు ఆగిపోయాడు. భార్య గదమాయించింది. విప్పాడు. కుర్చీ పట్టుకుని కాలు పైకెత్తాడు. కెమెరాలో ఒక పెద్ద అరికాలు, మధ్యలో మానిన మచ్చ.

రమేష్‌బాబు ఆమె మాటల్ని ఇంగ్లీషులో వాక్యం వదలకుండా వినిపించాడు. కంట్రోలర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆమె ప్రమాణం చేసిన సాక్షి కాదు. ఆమె మాటల్ని నేను రికార్డులోకి తీసుకోను," అన్నాడాయన ఇంగ్లీషులో. "కానీ దరఖాస్తుదారు మీరు. మిమ్మల్నే అడుగుతున్నాను. దరఖాస్తు తేదీకి ముందు మీ అమ్మగారు ఈ పద్ధతిని ఆ సభలో బయటపెట్టారా?"

కృపారాణి ఫోన్ వెలిగింది. సురేంద్రబాబు మెసేజ్: "తెలియదని చెప్పండి. మీరు అక్కడ లేరు."

కాసేపటి క్రితందాకా అది నిజమే.

"ఏమంటాడు మే ఆయన?" రెబెకమ్మ చెవి దగ్గర గుసగుసగా అడిగింది.

"నువ్వు చెప్పింది నిజమేనా అంటున్నాడు."

"చెప్పు మరి!"

తల్లి చెయ్యి తన వీపు మీద ఉంది. ఫ్రిజ్‌లో గిన్నెలు తీసి కడిగి, మళ్లీ సర్దిన చెయ్యి. కృపారాణి నోరు తెరిచింది. తెలియదు అన్న మాట కోసం వెతికింది. దొరకలేదు.

"నిజమే సార్," అంది ఇంగ్లీషులో. "మా అమ్మ మొత్తం చెప్పింది."

ఉత్తర్వు తర్వాత పంపిస్తామని చెప్పి కంట్రోలర్ వెళ్లిపోయాడు. రమేష్‌బాబు చేతులు జోడించి మాయమయ్యాడు. తెరలో చివరికి సురేంద్రబాబు ఒక్కడే మిగిలాడు.

"అప్పీలుకు వెళ్లొచ్చా?" అడిగింది కృపారాణి.

"ఏం పట్టుకుని వెళ్తాం మేడమ్? మీ నోటితో మీరే చెప్పారు." ముందున్న ఫైలు మూసేశాడు. "మీ స్థానంలో ఎవరున్నా అంతే చెప్పేవాళ్లేమో. నాకు తెలియదు." తెర నల్లబడింది.

సుందరయ్య చెప్పు తొడుక్కుంటూ కూతురి వైపే చూస్తున్నాడు. రెబెకమ్మ మాత్రం కొంగుతో ముఖం తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

"ఏమైంది మే? ఇచ్చినట్టేనా?"

కృపారాణి వేలాడుతున్న మౌస్‌ను తీసి బల్ల మీద పెట్టింది.

"కాయితం రావాలమ్మా. నువ్వు చెప్పింది మాత్రం నమ్మినారు. ఒక్క మాట కూడా అనుమానించలా."

"స్తోత్రం!" రెబెకమ్మ ముఖం వెలిగిపోయింది. "చూడు, నేను రాకపోతే ఏమయ్యుండేదో. వచ్చే ఆదివారం ఇది కూడా చెప్పాల. ఈసారి నువ్వూ రా. నా పక్కన నిలబడు."

"వస్తానమ్మా," అంది కృపారాణి.