పంటి వేరు కడిగే నీళ్ళు

"ఆ చేతులతో నా కంచం ముట్టుకోకమ్మా, బ్లీచింగ్ వాసనకి కడుపులో తిప్పేస్తోంది" అంది అత్తగారు. ఆ కంచం కడిగి, తుడిచి, వడ్డించింది ఆ చేతులే. పొద్దున్నే బాత్రూములు కడిగిందీ ఆ చేతులే, అప్పుడు మాత్రం వాసన ఎవరికీ అడ్డు రాలేదు. కోడలు మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి క్లినిక్కుకి బయల్దేరింది.

ఆలుమగలిద్దరూ పళ్ళ డాక్టర్లే. ముందు గది ఆయనది, వెనక గది ఆమెది. వచ్చినవాళ్ళని పలకరించి, నవ్వించి, ధైర్యం చెప్పి ఆయన లోపలికి పంపిస్తాడు. అక్కడ ఆమె పంటి లోపల చచ్చిపోయిన నరాన్ని తీసి, వెంట్రుకంత సన్నటి కాలవని కడిగి, మళ్ళీ కడిగి, మూస్తుంది. నడుం పడిపోయేది ఆమెకి, పేరొచ్చేది ఆయనకి. ఒకసారి ఆ మాట నోరు జారితే, "నాది నోరు, నీది చెయ్యి. ఎవరికి అబ్బిన పని వాళ్ళది" అని తేల్చేశాడు.

ఆ కాలవని కడిగేదీ బ్లీచింగ్ నీళ్ళతోనే, కాకపోతే పళ్ళ డాక్టర్ల కోసం తయారైనవి. క్రిముల్ని చంపుతాయి, లోపల మిగిలిన చచ్చిన కండనీ కరిగిస్తాయి. పొరపాటున వేరు కొస దాటితే మాత్రం మనిషి మొహం వాచిపోతుంది. ఇంతకన్నా మెత్తనిది దొరికితే బాగుండునని ఆమెకే అనిపించింది. వంట, క్లినిక్కు, అత్తగారి మందులు పోగా మిగిలిన కాస్త సమయంలో, పీకేసిన పళ్ళు పోగుచేసి, వాటిలో క్రిములు పెంచి, కొన్నిటిని వేపాకు రసంతో, కొన్నిటిని గ్రీన్ టీతో, కొన్నిటిని బ్లీచింగ్ నీళ్ళతో కడిగి చూసింది. సంసారం చేసుకునేదానికి ఇవేం పిచ్చి పనులని ఇంట్లో మూతి విరిచారు.

ఆకు రసం తీసిపారేసేదేం కాదు. క్రిముల్ని బాగానే తగ్గించింది. కానీ మూలల్లో మిగిల్చింది, చచ్చిన కండ జోలికే పోలేదు. బ్లీచింగ్ నీళ్ళదే పైచెయ్యి. ఆమెకి బాధేసింది. ఆకు రసం నెగ్గాలని ఆమె కూడా ఆశపడింది. ఆశపడ్డది వేరు, కళ్ళతో చూసింది వేరు.

అప్పుడు మేల్కొన్నాడు భర్త. 'రసాయనాలు లేని రూట్ కెనాల్, త్వరలో' అని వీధిలోకి బోర్డు పెట్టించాడు. డాక్టర్ల సమావేశంలో ఆమె రాసిన ఆ పరిశోధన తనే చదువుతానన్నాడు, జనం ముందు నువ్వు తడబడతావన్నాడు. ఆమెని ఎవరూ జనం ముందు నిలబెట్టలేదు కనక తడబడుతుందో లేదో ఇద్దరికీ తెలియదు.

"చివర్లో ఒక్క మాట మార్చు, చాలు. రెండూ సమానం అను" అన్నాడు.

సమానం. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. ఆ మాట మారిస్తే రేపు ఎవరి పంట్లోనో మళ్ళీ చీము పడుతుంది, ఆ పన్ను కడిగిన చెయ్యి తనదే అవుతుంది. అయినా కాదనడం అలవాటు లేని నోటికి 'చూస్తాను' అన్న మాటే వచ్చింది.

సమావేశం ముందు రోజు ఆయనకే పన్ను సలిపింది. దవడ పట్టుకుని వచ్చి వెనక గదిలో కుర్చీ మీద పడుకున్నాడు. ఎక్స్‌రే చూసి మత్తు సూది ఇచ్చింది. లోపల నరం చచ్చిపోయింది.

"ఏది వెయ్యమంటారు?" అని అడిగింది.

తలుపు వేసి ఉందో లేదో చూసుకున్నాడు. "బ్లీచే వెయ్యి."

"మరి బోర్డు?"

"బోర్డు జనానికి. ఇది నా పన్ను."

ఆమె మందు గొంతులోకి జారకుండా పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగించింది. ఆయన నోరు దాని కిందికి వెళ్ళిపోయింది. బ్లీచింగ్ నీళ్ళే తీసుకుని, సూది మొనని వేరు కొస దాకా పోనివ్వకుండా, మెల్లిగా కడిగింది. కోపాన్ని చేతిలోకి రానివ్వలేదు. ఎవరి పన్నైనా పన్నే.

"రేపు నేనే చదువుతాను. చూసింది చూసినట్టు చెప్తాను. సాయంత్రానికి ఆ బోర్డు దింపించెయ్యండి."

షీటు కింద ఏదో గొణిగాడు. చెయ్యెత్తాడు. నొప్పిగా ఉందా అని అడిగింది. కాదన్నట్టు వేలు ఊపాడు.

"అయితే కదలకండి. మీరు బ్లీచ్ వెయ్యమన్న సంగతి ఎవరికీ చెప్పనులెండి. పేషెంటు చెప్పింది కడుపులో పెట్టుకుంటాను. మొగుడు మార్చమన్నది మాత్రం మార్చను."