ఎవరు కట్టించిండ్రు

పురుషోత్తం రావు ఏడేళ్లుగా జగిత్యాలలో అద్దె ఇంట్లో ఉంటున్నాడు. ఎర్రగుంటపల్లెలో ఆయనకు కోటలాంటి పెద్ద గడీ ఉంది. అందులో ఇప్పుడు పావురాలు ఉంటున్నాయి. రైతుకూలీ సంఘం వాళ్లు గడీ ముందు మీటింగు పెట్టి పొలాల్లో జెండాలు పాతిన మర్నాడు, పొద్దు పొడవకముందే, పచ్చడి జాడీలు కూడా సర్దుకోకుండా వచ్చేశాడు. అప్పటినుంచి ఆయనకు ఒకటే ధ్యాస. ఊళ్లోకి తిరిగి వెళ్లాలి. గడీ ముందు కుర్చీ వేసుకుని కూర్చోవాలి. దారిన పోయేవాడు చెప్పులు చేత పట్టుకుని పోవాలి. చివరిది ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది దసరా దాటాక దారి కనపడింది. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు గుంటూరు వైపు మనిషి. ఊళ్లో శాంతి సభ పెడదామన్నాడు.

"జనం మీ మాట మర్యాదగా విన్నారనుకోండి రావు గారూ, గడీ పక్కనే పోలీసు క్యాంపు వేయిస్తా. హాయిగా కాపురం పెట్టుకోండి. వినలేదా, నా మనుషుల్ని ఇంకో ఊరికి పంపుకుంటా. మీ పావురాలకు కాపలా కాయడానికి నాకు జీతమివ్వట్లేదు."

అంటే గడీ మొత్తం ఒక్క ప్రసంగం మీద నిలబడింది. పురుషోత్తం రావు పుట్టి బుద్ధెరిగి ప్రసంగం చేయలేదు. ఊరిజనంతో ఆయన మాట్లాడినవన్నీ కేకలూ, తిట్లూ. అందుకని కోరుట్ల బడిలో తెలుగు పంతులు జలపతిని పిలిపించాడు. జలపతిది సిరిసిల్ల, మగ్గాల ఇల్లు. సొంతూరికి బదిలీ చేయించుకోవాలని ఏళ్లుగా కనపడిన ప్రతి పెద్దమనిషికీ దండం పెడుతున్నాడు.

"నాకు అన్నలు మాట్లాడినట్టు రాసియ్యాలె," అన్నాడు పురుషోత్తం రావు.

జలపతి వీధి తలుపు వైపు చూశాడు. "గదేంది దొరా?"

"భయపడకు. గడీ ముందల మీటింగు పెట్టిననాడు నేను తలుపెనుక నిలవడి విన్న. మాట్లాడినోడికి మీసం గూడ సరిగ రాలే. 'ఎవరు దున్నిండ్రు ఈ భూమి? ఎవరు ఏసిండ్రు ఈ నాటు? ఎవరు కోసిండ్రు ఈ పంట?' ఎప్పుడు జూసినా ఎవరు, ఎవరు, ఎవరు. నా తలుపు వణికిందయ్యా."

జలపతి ముఖం వెలిగింది. బడిలో పాఠం చెప్పే గొంతు వచ్చేసింది.

"చెప్పిందే చెప్పుడు దోషమంటరు దొరా. కావాలని చేస్తె మాత్రం అలంకారం. ప్రతి వాక్యం ఒక్క మాటతోనే మొదలువెడితె వినేటోని చెవికి అలవాటయితది. మూడోసారికి చెవే ఎదురుచూస్తది. ఆ మాట వినవడంగనే లోపల జవాబు తయారుంటది."

"నాకు గదే గావాలె. దొర అని జవాబు రావాలె."

"వస్తది. నా బదిలీ సంగతి..."

"ముందుగాల రాయి."

రెండు పేజీలు వచ్చాయి. పురుషోత్తం రావు అద్దం ముందు నిలబడి బిగ్గరగా చదివాడు.

"ఎవరు కట్టించిండ్రు ఈ ఊరికి బడి?"

"సర్కారు," అంది భార్య ఇందిరాదేవి, వక్కలు కత్తిరిస్తూ.

"నువ్వు నడుమ మాట్లాడకు."

"అడిగితిరి గద. అడిగితె ఎవరన్న చెప్తరు."

"ఇది జవాబు కోసం అడిగేది గాదు. అలంకారం."

"గా సంగతి ఊరోళ్లకు ఎరుకేనా?"

ఆయన వినిపించుకోలేదు. అద్దంలో తన చేయి ఎంత ఎత్తు లేస్తే బాగుంటుందో చూసుకుంటున్నాడు.

సభ రోజున పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. పోలీసులు ఇంటింటికీ తిరిగి జనాన్ని తోలుకొచ్చి కింద కూర్చోబెట్టారు. పురుషోత్తం రావు ఆఫీసు అరుగు మీది మైకు ముందుకు వచ్చాడు. జలపతి వెనక కుర్చీలో కూర్చుని, ప్రశ్నపత్రం ఇచ్చిన పంతులులా చేతులు కట్టుకున్నాడు.

"ఎవరు కట్టించిండ్రు ఈ ఊరికి బడి?"

గొంతు బాగానే పలికింది. ఇన్‌స్పెక్టరు తల ఊపాడు.

"ఎవరు తవ్విచ్చిండ్రు ఈ కాలువ?"

జనం కదల్లేదు.

"ఎవరు ఏయించిండ్రు బీర్పూరు దాక ఈ బాట?"

"మేమే," అంది ముందు వరసలో కూర్చున్న భూమవ్వ.

కోపంతో అనలేదు. ఎగతాళికీ అనలేదు. ముసలామె, సగం నిద్రలో ఉంది. ఆ ఊళ్లో ఇన్నేళ్లుగా సంఘం మీటింగుల్లో ఎవరు అని అడిగినప్పుడల్లా అందరూ కలిసి మేమే అనడం మామూలు. గంట వినపడితే చేతులు జోడించినట్టు ఆ మాట దానంతటదే వచ్చేసింది.

పురుషోత్తం రావు కాగితం వైపు చూశాడు. తరవాతి వాక్యం ఎవరుతోనే మొదలవుతోంది. దాని తరవాతిది కూడా. పేజీ తిప్పాడు. జలపతి నిజాయితీగా పనిచేశాడు, ఒక్క వాక్యాన్నీ వదల్లేదు.

"ఎవరు ఇచ్చిండ్రు కరువుల గింజలు?"

"మేమే." ఈసారి వరసంతా అంది.

"ఎవరు కాపాడిండ్రు ఈ ఊరి పరువు?"

"మేమే." ఊరంతా అంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. ఆ రోజు తలుపు వెనక నిలబడ్డప్పుడు కూడా ప్రతి ప్రశ్న వెనకా ఇదే హోరు. ప్రశ్నను ఏడేళ్లు భద్రంగా దాచుకున్నాడు, జవాబును వదిలేశాడు. తలుపును వణికించింది ఆ మీసం రానివాడు కాదు.

కాగితం కింద పెట్టాడు. "ఎవరు నేర్పిండ్రురా మీకు గీ మాటలు?"

"మేమే."

షామియానా కింద నవ్వు లేచింది. ఒక కానిస్టేబులు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆ నవ్వులో సత్యవ్వ లేచి నిలబడింది. ఆమె మొగుడు రాజం గడీలో జీతగాడిగా ఉండేవాడు. అతను కాసే ఎడ్లు చేలో పడ్డాయని ఒకరోజు లోపలికి పిలిచారు. మర్నాడు కొట్టం వెనక శవమై దొరికాడు. కేసు లేదు.

"ఎవరు పిలిచిండ్రు మా రాజాన్ని గడీ లోపటికి?"

ఎవరూ మేమే అనలేదు. నవ్వు ఆగిపోయింది.

"ఎవరు ఏసిండ్రు తలుపు గొళ్లెం?"

ఆమె అరవలేదు. పక్కింటావిడను పిలిచినంత గొంతు, అంతే. జనం ఒక్కొక్కరే పురుషోత్తం రావు వైపు తిరిగారు.

"ఎవరు కొట్టిండ్రు?"

జలపతి చెప్పింది నిజమే. మూడోసారికి చెవికి అలవాటైంది, లోపల జవాబు తయారుగా ఉంది. పురుషోత్తం రావు పెదవులు కదిలాయి. మైకులో ఊపిరి మాత్రం వినపడింది. ఆయన పెదవులు బిగించుకుని మెట్లు దిగాడు.

జీపులో ఇన్‌స్పెక్టరు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. జగిత్యాల పొలిమేరలో అన్నాడు, "మనుషుల్ని ఇంకో ఊరికి పంపుతున్నా రావు గారూ. ఆ ఇల్లు అమ్మేసుకోండి, కొనేవాడు దొరికితే."

వెనక సీట్లోంచి జలపతి మెల్లగా ముందుకు వంగాడు. "దొరా, ఒక్క మాట. గా సత్యవ్వ ప్రయోగం గమనించిండ్రా? మూడే వాక్యాలు."

"దిగు," అన్నాడు పురుషోత్తం రావు.

జలపతిని కోరుట్ల బస్సు ఆగే చోట దింపేశారు. బదిలీ సంగతి అడగడానికి అదను దొరకలేదు.

అద్దె ఇంటి యజమాని అప్పుడే వరండా కడిగించాడు. అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. పురుషోత్తం రావు చెప్పులు విప్పి చేత పట్టుకుని, తడి తొక్కకుండా గోడవారగా లోపలికి వెళ్లాడు.

ఇందిరాదేవి తల ఎత్తలేదు. "సత్యవ్వ అచ్చిందా?"

"అచ్చింది."

"ఏమన్న అడిగిందా?"

ఆయన మంచం మీద కూర్చున్నాడు. ఆమె ఇంకో వక్క తీసుకుని అడకత్తెరలో పెట్టింది.

"గామె నన్నడిగితె చెప్తుంటి," అంది.