రూటర్‌లో తువ్వాళ్లు

మా అక్కయ్య భర్త శివరామకృష్ణ మా మిర్చి వ్యాపారానికి మేనేజరు. గుంటూరు ఆఫీసులో కూర్చుని పర్చూరు గోడౌన్‌లోని రూటర్‌లోకి లాగిన్ కావడం ఆయనకో హోదా. రూటరంటే ఆ రెండు చోట్ల కంప్యూటర్లనూ కలిపే పెట్టె. దూరం నుంచి దాంట్లోకి ఒకేసారి ఐదుగురికే చోటు.

లోపలికెళ్లి పది నిమిషాలు ఏమీ టైపు చేయనివాణ్ణి అది బయటికి పంపేసేలా పెట్టింది జ్యోతిర్మయి. మా నెట్‌వర్క్ చూసేది ఆ అమ్మాయే. బావ టీ తాగొచ్చేసరికి బయట ఉండేవాడు.

"మన పెట్టె మనల్నే గెంటుతుందా? ఆ టైము సున్నా చెయ్యమ్మాయ్," అన్నాడు.

సున్నా పెడితే ఇక ఎప్పటికీ ఎవర్నీ పంపదని ఆమె చెప్పింది. తనకు కావలసిందీ అదేనన్నాడు బావ. నేనూ అడ్డు చెప్పలేదు; ఆమె సున్నా పెట్టేసింది. అక్కయ్యతో పేచీ నాకు గిట్టుబాటు కాదు.

అది 2003 వేసవి. రోజూ కరెంటు కోత. బావ కంప్యూటర్ ఆరిపోయినా, పర్చూరులో బ్యాటరీ మీద నడిచే రూటర్ లెక్కలో ఆయనింకా లోపలే ఉన్నాడు. కరెంటు రాగానే మళ్లీ లాగిన్. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు, ఐదు సీట్లకూ ఐదు తువ్వాళ్లు పడ్డాయి. కూర్చున్నవాడు ఒక్కడూ లేడు.

ఆ శుక్రవారం గుంటూరులో స్టాకు కంప్యూటర్ మార్చాం. దాని కొత్త నంబరు పర్చూరు రూటర్‌లో రాస్తేనే అక్కడ గేటు పాసు వస్తుంది. చెన్నై ఓడకు సరుకు మోసే లారీ నాలుగింటికల్లా కదలాలి. మూడున్నరకు జ్యోతిర్మయి లాగిన్ కాబోతే చోటు లేదంది రూటర్.

"దొంగలెవరో దూరారయ్యా. ఇదంతా ఈ అమ్మాయి చేతగానితనం. ఇవాళే పంపెయ్," అన్నాడు బావ.

ఆమె పర్చూరు వాచ్‌మన్ యేసుపాదానికి ఫోన్ చేసి, రూటర్ ఆపి మళ్లీ వెయ్యమనబోయింది. ఆపితే లోపలున్నదెవరో తెలుస్తుందా అని అడిగాను.

"తెలియదండి. పేర్లన్నీ పోతాయి. ఆపకుండా నేనే అక్కడికి వెళ్లి చూడాలంటే సాయంత్రమవుతుంది."

"మరి నింద నీ మీదే ఉండిపోతుందిగా."

"లారీ వెళ్లాలి కదండీ."

బావ కూడా వెంటనే ఆపించమని తొందరపెట్టాడు. దొంగలున్నారన్నవాడికి ఆ తొందరెందుకో.

యేసుపాదం స్విచ్ నొక్కాడు. ఐదు నిమిషాల్లో ఆమె లోపలికి వెళ్లింది. లారీ కదిలింది.

నా లెక్క నేను వేసుకున్నాను. పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే. పేర్లు పోతే ఒకరికి నష్టం, ఒకరికి లాభం. నష్టపోయే మనిషే ముందు ఆపమంది.

సోమవారం బావను జనరల్ మేనేజర్ని చేశాను. గదికి ఏసీ పెట్టించాను. అంత పెద్ద మనిషి పాస్‌వర్డ్ లాంటి చిల్లర పనులు చూసుకోవడం బాగుండదని అక్కయ్య చేతే చెప్పించాను.