ఇత్తడి మీది పేరు

ఇస్ఫహాన్ ఇత్తడి బజారులో లుత్ఫుల్లా, యాదుల్లా ముప్ఫై ఏళ్లుగా ఒకే కొట్టులో పనిచేస్తున్నారు. నక్షత్రాల ఎత్తు కొలిచే యంత్రానికి లెక్కగట్టి గీతలు గీసేది లుత్ఫుల్లా. దానిమీద తీగలూ అక్షరాలూ చెక్కేది, ఒక్కో నక్షత్రాన్ని చూపే మొనను ఆకులా మలిచేది యాదుల్లా. వెనకవైపు అడుగున ఇద్దరి పేర్లూ ఉండేవి. యాదుల్లాకు చదువు రాదు. లుత్ఫుల్లా కాగితం మీద రాసిచ్చింది రాసినట్టు ఇత్తడిలోకి దించేవాడు. తన పేరు మాత్రం ఆకారాన్నిబట్టి గుర్తుపట్టేవాడు.

ఈసారి కాగితం మీద ఆ ఆకారం కనబడలేదు.

"ఇదేంట్రా, నా పేరు ఎవడో తొక్కినట్టుంది?"

"వాలు రాతరా. షిరాజ్ దొరలకి ఇప్పుడిదే మోజు. నీ పేరే, కాస్త నడుం వాల్చింది. నువ్వు మాత్రం వాల్చట్లేదా మధ్యాన్నాలు?" అన్నాడు లుత్ఫుల్లా.

యాదుల్లా నవ్వేశాడు. చూపు మందగిస్తోంది, ఇదే తన ఆఖరి యంత్రమని తెలుసు. అందుకే ఆ పేరును నాలుగు రోజులు కూర్చుని, మిగతావాటికన్నా లోతుగా చెక్కాడు.

కొనే మనిషి కళ్లెదుట ఒక ఆకు చెక్కి పని ముగించడం ఆ కొట్టు ఆనవాయితీ. షిరాజ్ నుంచి వచ్చిన మీర్జా షర్బత్ తాగి, యంత్రాన్ని కొక్కెం పట్టి ఎత్తి, వెనక్కి తిప్పి పైకి చదివాడు.

"చేసినవాడు లుత్ఫుల్లా. చెక్కినవాడు కంబర్."

కంబర్ లుత్ఫుల్లా అల్లుడు. పక్కనే కూర్చుని ఇత్తడి తోముతున్నాడు. తల ఎత్తలేదు.

"ఇంకోసారి చదవండి మీర్జాగారూ" అన్నాడు యాదుల్లా.

మళ్లీ అదే.

లుత్ఫుల్లా యాదుల్లా చెవి దగ్గరికి వంగాడు. "గొడవ చెయ్యకురా. మనం పోయాక కొట్టు నడవాలంటే వాడికో పేరుండాలి కదా. నీకేం, పిల్లలా జెల్లలా?"

యాదుల్లాకు కోపం కూడా రాలేదు. తన వేళ్లకేసి చూసుకున్నాడు. నాలుగు రోజులు. ఇత్తడిపొడి ఊదుకుంటూ, తన చేత్తో తనే.

"ఆ ఆకేదో కానివ్వండి ఉస్తాద్. ఒంటెలు బయల్దేరే వేళైంది" అన్నాడు మీర్జా.

యాదుల్లా ఉలి తుడిచి కంబర్ ముందు పెట్టాడు.

"పేరున్నవాడు చెక్కుతాడండి."

"యాదూ, పరువు తియ్యకురా" అన్నాడు లుత్ఫుల్లా. ఆ గొంతు యాదుల్లా ఎప్పుడూ వినలేదు.

అతను గుమ్మంలో చెప్పులు వేసుకుంటుండగా వెనక కంబర్ చేతిలో ఉలి జారి ఇత్తడి కీచుమంది. ఎక్కడ జారిందో, ఎంత లోతు దిగిందో చప్పుడునిబట్టే తెలిసిపోయింది. ఒక్క క్షణం చెయ్యి దానంతటదే ఉలి అందుకోబోతున్నట్టు వెనక్కి సాగింది. ఆ చేతిని చొక్కాలోకి దోపుకుని బజారులోకి దిగాడు.