ఐదు వేల నంబరు పోర్టు

ఆ రోజు ప్రాజెక్టు పాసవకపోతే, సోమవారం చేరాల్సిన ఉద్యోగం నాకు దక్కదు. సరిగ్గా అప్పుడే ఇబ్రహీంపట్నంలోని మా కాలేజీలో కరెంటు పోయింది. ల్యాబులో లినక్స్ కంప్యూటర్లన్నీ ఆరిపోయాయి. హెచ్‌ఓడీ తన విండోస్ లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టారు.

"అందరు దీంట్లనే చూపియ్యుర్రి," అన్నారు.

నాకంటే ముందు శ్రీపాల్ వెళ్లి, బస్టాండులో బస్సుల వివరాలు చదివి వినిపించే ప్రోగ్రాం చూపించి వచ్చాడు. నాది దవాఖానలో టోకెన్లు పిలిచే ప్రోగ్రాం. అదే లాప్‌టాప్‌లో ఎక్కించి తెరిస్తే తెరుచుకుంది. పరీక్షించడానికి వచ్చిన రఘునందన్ సార్ ముందు బటన్ నొక్కాను.

నా ప్రోగ్రాంలో ఏమీ కనబడలేదు. స్పీకరు మాత్రం పలికింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. పద్నాలుగు, మైసమ్మ, మూడవ ప్లాట్‌ఫారం నుండి బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది."

సార్ కళ్లద్దాలు తీశారు. "యాడికి పోతున్నదమ్మా మైసమ్మ?"

మళ్లీ నొక్కాను. ఈసారి సిద్దయ్య బయలుదేరాడు.

"పేషెంట్లందర్ని బస్సెక్కిస్తున్నవ్. దవాఖానల డాక్టరొక్కడే మిగుల్తడు గద!"

తెర అడుగున చూశాను. శ్రీపాల్ తన ప్రోగ్రాం మూయకుండానే వెళ్లిపోయాడు. క్లాసంతా ఒకే సీనియర్ పెన్‌డ్రైవ్‌లోంచి కోడ్ తెచ్చుకున్నాం. ప్రోగ్రాంకు మాటలు చేరే నంబరు, అంటే పోర్టు, అందరిదీ ఐదు వేలే.

"సార్, బస్సుల సీటు మీద దస్తీ ఏస్తం గద. గా సీట్ల ఇంకోళ్లు కూసుంటానంటే లినక్స్ అస్సలు ఒప్పుకోదు. మా కోడ్‌ల 'సీట్ల ఎవరున్నా నేను కూసుంట' అనే లైనుంది, గది చూసి విండోస్ ఇద్దర్ని ఒక్క సీట్లనే కూసోబెట్టింది. నాకు రావాల్సిన మాటలు ముందు కూసున్న శ్రీపాల్‌కు పోతున్నయ్."

"అయితే ఏం జేస్తవ్?"

"సీటు మారుస్త సార్."

ఐదు వేలు కొట్టేసి ఐదు వేల ఒకటి పెట్టాను. నొక్కాను.

"టోకెన్ పదహారు, నర్సింహమ్మ, లోపలికి రండి."

సార్ నవ్వుతూ సంతకం పెట్టారు. "పాసైనవ్ పో. తర్వాతోళ్లను పంపు."

బయట సంతోషి, ఇంకో ఆరుగురు తలుపుకు చెవులు ఆనించి నిలబడ్డారు.

"ఏం నంబర్ పెట్టినవే?" అంది సంతోషి.

"ఐదు వేల ఒకటి. కానీ గా సీట్ల ఇంకా నా ప్రోగ్రామే ఉన్నది..."

ఎవరూ ఆగలేదు. ఏడుగురూ గోడవారన కూలబడి, ఒళ్లో లాప్‌టాప్‌లు తెరిచి, టకటకా అదే నంబరు కొట్టుకున్నారు.

"పాసైన నంబర్ గదా," అంటూ సంతోషి ముందుగా లోపలికి నడిచింది.