మందు తాపకూడని పది గొర్రెపిల్లలు

నాలుగో గొర్రెపిల్ల పేగులోనూ పురుగు లేదు.

డాక్టర్ నళిని కత్తిని ట్రేలో పడేసింది. హోసూరు శివార్లలోని ఈ ల్యాబ్‌లో బద్దెపురుగులకు కొత్త మాత్రలను పరీక్షిస్తున్నారు. పురుగు పట్టిన ఇరవై పిల్లల్లో పదింటికే మందు. మిగతా పదింటికి ఇవ్వకూడదు. ఆ తేడా చూసే మందు పనితనం తేలుస్తారు. ఇప్పుడు ఇవ్వని వాటి కడుపులూ శుభ్రంగా ఉన్నాయి. కాసేపట్లో ఫలితం చూడ్డానికి, ఆ మాత్రల కంపెనీ ప్రతినిధి వినుత బెంగళూరు నుంచి వస్తుంది.

"వీడే!" మేనేజర్ తిలక్, కొట్టం చూసే మారప్పను భుజం పట్టి లోపలికి నెట్టాడు. "వద్దన్న పదింటికీ తాపేసినాడు. తప్పు నాదేనని కాగితం మీద సంతకం పెట్టి పోతే సరి. లేదంటే పోలీసులే."

"నిజమా మారప్పా?" అంది నళిని.

"తాపినానమ్మా. సగం మందకు తాపి సగం ఇడిస్తే, పురుగు మళ్లా అన్నిటికీ పట్టదా? మా ఊరు మత్తూరులో మా తాత కాలం నుంచి మేమట్ల ఇడిసింది లేదు."

"ఇది మీ తాత దొడ్డి కాదప్పా!" తిలక్ కసిరాడు.

గేటు దగ్గర హారన్ మోగింది. తిలక్ పరుగెత్తాడు.

నళిని గొంతు తగ్గించింది. "మాత్రల బీరువా తాళాలు తిలక్ దగ్గరే ఉంటాయి. నీకు మాత్రలు యాడ దొరికినాయి?"

"మాత్రలేందమ్మా? నీళ్లమందు. మా ఊరి పక్క పోచంపల్లి సంతలో అమ్మేదే. మొదటి పదింటికి తాపేటప్పుడు పిల్లల్ని పట్టుకొనింది నేనే. పారెయ్యమన్న సీసాలో సగం మిగిలింటే, తక్కినవాటికి తాపినాను."

అంటే కొత్త మాత్ర ఒక్క పిల్ల నోట్లోనూ పడలేదు.

"మొదటి పదింటికి ఎవరు తాపినారు?"

మారప్ప తల దించుకున్నాడు. "నోరు తెరిస్తే పని పోతాదమ్మా. ఉన్న గొర్రెలన్నీ అమ్ముకొని ఈడికి వచ్చినాను. మళ్లా యాడికి పోయేది?"

"ఈ మాత్ర బాగుందని రాస్తే రేపు ఊరూరా అమ్ముతారు. ఊళ్లో ఉన్న మీ అన్న కూడా తన మందకు అదే వేస్తాడు."

"అది పనిచెయ్యదా?"

"పనిచేస్తే సంత మందు దొంగచాటుగా ఎందుకు తాపుతారప్పా?"

తలుపు తెరుచుకుంది. వినుత వెనకే తిలక్, నవ్వుతూ.

"తప్పు చేసినోడు దొరికినాడు మేడం. సంతకమొక్కటే బాకీ." కాగితం, పెన్ను మారప్ప ముందుకు తోశాడు.

"నువ్వు చెప్పప్పా, ఏం జరిగింది?" అంది వినుత.

మారప్ప పెన్ను తీసుకున్నాడు. పెన్ను తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

"కడాపటి పదింటికి తాపింది నేనే మేడం. ఆ తప్పు నాదే. ముందు పదింటికి మీ మాత్ర వెయ్యకుండా సంత మందు తాపింది..."

"రేయ్!" తిలక్ దూసుకొచ్చాడు. నళిని అడ్డంగా నిలబడింది.

మారప్ప మొదటిసారి అతని కళ్లలోకి చూశాడు.

"ఈ తిలక్ సారే."