దవడపన్ను

అయినా గొర్రె నోరు తెరిచి పళ్లు చూడటం సైన్సెట్లా అవుతుంది, కళ్లున్నవాడెవడైనా చూస్తాడు, అనుకుంటూ రేణుక ముందున్న కాగితాన్ని మూడోసారి మడిచింది, అందులో ఉన్నది ఒకే ఒక్క అంశం, గొర్రెల చిన్నసుబ్బయ్యను ప్రతి శనివారం బడికి పిలిపించి పిల్లలకు పాఠం చెప్పించడం, జమ్మలమడుగులో ఇన్ని బళ్లుంటే ఇట్లాంటి వింతలు ఈ బడిలోనే పుడతాయి, కరస్పాండెంటు వనజమ్మ కళ్లద్దాలు తుడుచుకుంటూ, శాస్త్రవేత్తలు మీరు, మీ మాట కోసమే ఆగినాం మేడం అంటోంది, ఆగాల్సిందే మరి, ఈ పాలకమండలిలో డాక్టరేటు ఉన్నది తనకొక్కతికే, పెద్దముడియం నల్లరేగడిలో గట్టు మీద నిలబడి, ఇదిగో ఈ శనగమొక్క ఎల్లుండికి ఎండిపోతుంది అని చెప్పగల మనిషి తను, ఆ సంగతే శిల్పకు చెప్పబోతే ఆవలించింది, ఆరో తరగతి పిల్ల, కన్నకూతురు, అమ్మా ఇంకెంతసేపూ అంది.

అదే పిల్ల పోయిన శనివారం, మచ్చుకు ఒక పాఠం చెప్పించి చూద్దామని పాలకమండలి పిలిపించినప్పుడు, ఆ ముసలాయన ముందు బాసింపట్టు వేసుకుని నోరెళ్లబెట్టి కూర్చుంది, గొర్రె రెండు పండ్లేస్తే ఏడాది దాటినట్టు, నాలుగేస్తే రెండేండ్లు అని ఆయన చెబుతుంటే రాసుకుంది కూడా, ఇంటికొచ్చాక అన్నం దగ్గరా అదే పాట, తాత అట్లన్నాడు, తాత ఇట్లన్నాడు, ఎవరికి తాత, రేణుకకు ఒళ్లు మండింది, అసూయే, అనుకోవడానికి సిగ్గేసినా అసూయే, పోనీ పాఠం చెప్పి పోయాడా అంటే అదీ లేదు, పిల్లలు బొరుగులు తింటుంటే శిల్ప చెంప వైపు వేలు చూపించి, ఈ పాపకు దవడపన్ను వస్తాండాదమ్మా, ఒక పక్కనే నములుతాండాది, కూడు మెత్తగా పెట్టు అన్నాడు, అందరి ముందరా, అప్పటికి పది రోజులుగా పిల్ల తినడం లేదని తను ప్రొద్దుటూరులో ఆకలి మందు రాయించి తెచ్చింది, మొండికేస్తోందని వీపు మీద రెండు వేసింది, నీకెట్లా తెలిసె సుబ్బయ్యా అని వనజమ్మ అడిగితే, దీంట్లో ఏముందమ్మా, సాయంత్రం మంద ఇంటికొస్తే నేను లెక్కబెట్టను, మొగాలు చూస్తా, యా గొర్రె మేయలేదో తెలిసిపోతాది అన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు, శిల్ప కూడా కొట్టింది, అది మాత్రం రేణుక మరచిపోలేకపోయింది.

ఒప్పుకోండి మేడం, వారానికొక గంటే గదా అని పక్కనుంచి నూరుల్లా సారు అంటున్నాడు, మిగతా చేతులన్నీ లేచాయి, తను ఒక్క మాట అడ్డం వేస్తే ఆగిపోతుంది, ఆ మాట నాలుక చివరే ఉంది, ఆయనకు ఏ అర్హత ఉందని, వేలు చూపించడమేనా అర్హత, ఏ చెంప వైపు చూపించాడు, ఎడమా, కుడా, ఆయన భుజం మీద కంబళి గుర్తుంది, నవ్వితే ముందుపన్ను లేని సందు గుర్తుంది, శిల్ప చెంప గుర్తురావడం లేదు, అప్పుడు తను చూసింది ముసలాయన్ని, ఆ తర్వాత వారమంతా ఆ పిల్ల ఎదురుగా కూర్చుని మెత్తటి అన్నం తింటుంటే కూడా తను లోపల ముసలాయనతోనే పోట్లాడుతోంది, మీరేమంటారు మేడం అని వనజమ్మ మళ్లీ అడుగుతోంది, రేణుక చెయ్యి దానంతటదే లేచింది, ఎడమా, కుడా, పన్ను ఏ పక్కన వస్తోందో తను ఇంతవరకూ చూడనేలేదు.